గంటకి ఎన్ని నీళ్లు, సీసాకి ఎంత ఉప్పు: సుదూర సైకిల్ రైడ్‌ల కొలతల డైరీ

ఇది ఇద్దరు రైడర్ల మీద తీసిన లెక్క. 68 కిలోల రైడర్‌ని ఎ అని, 81 కిలోల రైడర్‌ని బి అని రాస్తున్నాం. ఒకే రోడ్డు, ఒకే ఎండ, ఒకే వేగం. అయినా ఇద్దరికీ వచ్చిన అంకెలు వేరు. కాబట్టి ఇక్కడి అంకెల్ని ఎత్తుకెళ్లకండి, కొలిచే పద్ధతిని తీసుకెళ్లండి. రక్తపోటు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు వాడుతున్నవాళ్లు ఉప్పు మోతాదు మార్చేముందు డాక్టర్ని అడగాలి.

దశ 1: తూకాలు

మనిషిని తూచే డిజిటల్ మెషీన్ 100 గ్రాముల తేడాని చూపిస్తే చాలు, 50 గ్రాములైతే ఇంకా మంచిది. మొదటి మెషీన్ మీద అర లీటరు నీళ్లు తాగి ఎక్కినా పాత అంకే వచ్చింది. మెషీన్ చెడిపోలేదు. కొన్ని మోడళ్లు కొద్ది నిమిషాల్లో దాదాపు అంతే బరువు మళ్లీ ఎక్కితే, అంకె నిలకడగా కనబడాలని గుర్తుపెట్టుకున్న పాత బరువునే చూపిస్తాయి. మధ్యలో ఐదారు కిలోల సంచీ ఎత్తుకుని ఒకసారి ఎక్కి దిగితే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది.

మెషీన్‌ని పరీక్షించే పద్ధతి:

1. గట్టి, చదునైన నేల మీద పెట్టండి. కార్పెట్ మీద వద్దు.
2. ఎక్కి అంకె రాసుకోండి. సంచీతో ఒకసారి ఎక్కి దిగండి.
3. లీటరు నీళ్లున్న సీసా పట్టుకుని ఎక్కండి. ఖాళీ సీసా బరువు తీసేస్తే తేడా కిలో రావాలి.
4. ఇదే ఐదుసార్లు చేయండి. ఐదింటిలో అంకె 200 గ్రాములకి మించి అటూ ఇటూ ఊగితే ఆ మెషీన్ ఈ పనికి పనికిరాదు.

బట్టలతో తూచడం మరో తప్పు. ఒక రైడ్ తర్వాత జెర్సీ, షార్ట్స్, సాక్సులు విడిగా తూస్తే పొడిగా ఉన్నప్పటికంటే 350 గ్రాములు ఎక్కువున్నాయి. అదంతా ఒంట్లోంచి పోయిన చెమటే, కానీ మెషీన్ మీద ఇంకా ఒంట్లోనే ఉన్నట్టు లెక్కకొచ్చింది. అప్పట్నుంచి బట్టల్లేకుండా, తువ్వాలుతో ఒళ్లు, జుట్టు తుడుచుకున్నాకే తూకం.

సీసాల్నీ నమ్మలేదు. 750 మి.లీ. అని అచ్చేసిన రెండు సీసాలు గీత దాకా నింపి తూస్తే ఒకదాంట్లో 710, రెండోదాంట్లో 765 గ్రాముల నీళ్లు పట్టాయి. సరైన చోట మార్కర్‌తో కొత్త గీత గీశాం. వీపున తగిలించుకునే నీళ్ల సంచీని ఈ పనికి మానేశాం, ఎంత తాగామో దార్లో కనబడదు.

దశ 2: చెమట వేగం, ట్రైనర్ మీద (తప్పిన దశ)

లెక్క తేలికైనదే. ఒక కిలో తగ్గితే ఒక లీటరు పోయినట్టు.

చెమట (లీటర్లు) = ముందు బరువు − తర్వాత బరువు + తాగినది + తిన్నది − మూత్రం. వచ్చినదాన్ని గంటలతో భాగిస్తే చెమట వేగం.

గదిలో, ట్రైనర్ (సైకిల్‌ని ఒకేచోట నిలిపి తొక్కే స్టాండు) మీద, ఫ్యాన్ లేకుండా ఒక్కో గంట:

ఎ: 68.4 నుంచి 67.5 కిలోలు, తాగినది 0.5. గంటకి 1.4 లీటర్లు.
బి: 81.2 నుంచి 80.3 కిలోలు, తాగినది 0.75. గంటకి 1.65 లీటర్లు.

ఈ అంకెల్ని రోడ్డుకి వాడటమే ఈ ప్రాజెక్టులో అతి పెద్ద తప్పు. రోడ్డు మీద 25 కి.మీ. వేగంతో వెళ్తుంటే గాలి చెమటని ఎప్పటికప్పుడు ఆరబెడుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. గదిలో గాలి కదలదు. చెమట ఆరకుండా కారిపోతుంది, కారిపోయే చెమట ఒంటిని చల్లబరచదు, కాబట్టి శరీరం ఇంకా ఎక్కువ చెమట వదులుతుంది. ట్రైనర్ కింద మడుగు కట్టిందంటే ఆ చెమటలో చాలా భాగం వృథా అయిందని అర్థం.

ఇప్పటిదాకా: రైడ్‌లు 2, గంటలు 2.

దశ 3: అలారం పెట్టి తాగడం (ఇదీ తప్పింది)

ట్రైనర్ అంకె 1.4లో కొంత తగ్గించి, గంటకి 900 మి.లీ. చొప్పున ఎకి ప్లాన్ రాశాం. పదిహేను నిమిషాలకోసారి అలారం, మోగినప్పుడల్లా 225 మి.లీ., దాహం వేసినా వేయకపోయినా. 27 డిగ్రీల ఎండలో ఐదు గంటల రైడ్.

ముందు బరువు 68.2
తాగినది 4.5 లీటర్లు
తిన్నది 0.3 కిలో
మూత్రం 0.6 లీటరు (కొలత సీసాలో పట్టి చూసినది)
తర్వాత బరువు 68.9

చెమట: 68.2 − 68.9 + 4.5 + 0.3 − 0.6 = 3.5 లీటర్లు. గంటకి 0.7. ట్రైనర్ అంకెలో సరిగ్గా సగం.

రైడ్ అయ్యేసరికి బరువు 0.7 కిలో పెరిగింది. ఐదు గంటలు పెడల్ తొక్కి బరువు పెరగడం మంచి సంగతి కాదు. నాలుగో గంట నుంచే గుర్తులు కనబడ్డాయి: కడుపులో నీళ్లు కుదుపుకి గలగలమంటున్నాయి, చేతి ఉంగరం బిగుసుకుంది, సాక్స్ పట్టీ కింద చర్మం లోతుగా అచ్చుపడింది. గుర్తులు కనబడుతున్నా అలారం మోగినప్పుడల్లా తాగుతూనే ఉన్నారు. అలారాన్ని ఆ రోజే తీసేశాం.

ఇక్కడ ఆగి లెక్క వేయాలి, ఎందుకంటే ఈ ప్రాజెక్టులో మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే నిలబడ్డాయి. రక్తంలో సోడియం మామూలుగా లీటరుకి 135 నుంచి 145 మిల్లీమోల్ (కరిగిన కణాల్ని లెక్కించే కొలమానం; సోడియం ఒక మిల్లీమోల్ అంటే 23 మి.గ్రా.) ఉంటుంది. 135 కంటే తగ్గితే దాన్ని హైపోనట్రీమియా అంటారు. 68 కిలోల ఒంట్లో నీరు సుమారు 40 లీటర్లు. కణాల లోపల సోడియం బదులు పొటాషియం ఉంటుంది గానీ, నీరు కణాల్లోకీ బయటికీ సులువుగా పారుతుంది. అందుకని ఉజ్జాయింపుగా మొత్తాన్ని ఒకే కుండ అనుకుని, లీటరుకి 140 చొప్పున 5600 మిల్లీమోల్ ఉన్నట్టు లెక్కేయవచ్చు. 3.5 లీటర్ల చెమట, లీటరుకి 40 మిల్లీమోల్ అనుకుంటే పోయింది 140. తిన్నదానికి దీటుగా శరీరం ఇంధనం కాల్చేసింది కాబట్టి పెరిగిన 0.7 కిలో నీరే అనుకోవాలి.

1. ఉప్పు లేకుండా, 0.7 లీటరు ఎక్కువైతే: 5460 ÷ 40.7 = 134.
2. అంతే నీళ్లు, 3 గ్రాముల ఉప్పు (51 మిల్లీమోల్) కలిపితే: 5511 ÷ 40.7 = 135.4.
3. ఉప్పు అసలు లేదు, 4.5 బదులు 2.8 లీటర్లు తాగితే (1 లీటరు తక్కువలో ముగిస్తే): 5460 ÷ 39 = 140.

ఇది మూత్రంలో పోయే ఉప్పుని వదిలేసిన ముతక లెక్కే. అయినా దారి చూపిస్తుంది. అరచెంచా పైన ఉప్పు వేసినా పెరిగింది ఒకటిన్నర లోపే. నీళ్లు తగ్గిస్తే ఆరు పెరిగింది. రక్తంలో సోడియం పడిపోకుండా కాపాడేది ముఖ్యంగా నీళ్ల మోతాదు. అతిగా తాగి, ఉప్పు కలిపాం కదా అని ధైర్యపడటానికి లేదు: మనం తాగగలిగే ఏ ఉప్పునీళ్లయినా రక్తం కంటే పల్చనే. పైగా ఎక్కువసేపు శ్రమపడుతున్నప్పుడు శరీరం నీటిని పట్టి ఉంచే హార్మోన్‌ని వదులుతుంది, అందువల్ల ఎక్కువైన నీరు మూత్రంగా త్వరగా బయటికి పోదు. నొప్పికి వేసుకునే ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కిడ్నీ పనిని ఇంకా చిక్కుల్లో పెడతాయి. రైడ్‌లో వాటిని వాడొద్దు.

ఎవరైనా రైడ్ మధ్యలోనో తర్వాతో తలనొప్పి, వాంతులు, తికమకగా మాట్లాడటం చూపిస్తే, నీళ్లు పట్టించడం మనకి అలవాటైన పని. సోడియం పడిపోయినవాళ్లకి ఆ నీళ్లే ప్రాణం మీదికి తెస్తాయి. నీరు తగ్గినా, వడదెబ్బ తగిలినా, సోడియం పడిపోయినా లక్షణాలు ఒకేలా ఉంటాయి. ఒళ్లు కాలిపోతుంటే వెంటనే చల్లబరచండి. తాగిన నీళ్ల లెక్క, దొరికితే బరువు చూడండి. బరువు పెరిగి ఉంటే నీళ్లు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లి, రక్తంలో సోడియం చూడమని చెప్పండి.

ఇప్పటిదాకా: రైడ్‌లు 3, గంటలు 7. చేసిన మార్పు: అలారం లేదు, ట్రైనర్ అంకెలు లేవు.

దశ 4: రోడ్డు మీద మళ్లీ కొలత

మూడు వాతావరణాల్లో రెండేసి గంటలు. ఎలా చేశామంటే:

1. బయల్దేరే ముందు మూత్రానికి వెళ్లి, ఒళ్లు తుడిచి తూకం.
2. గుర్తు పెట్టిన సీసాలు తూచి రాసుకోవడం.
3. సుదూర రైడ్‌లో తొక్కే వేగంతోనే తొక్కడం. పోటీ వేగం వద్దు.
4. దాహం వేసినంతే తాగడం. మొహం మీద, తల మీద పోసుకునే నీళ్లకి వేరే సీసా. ఇది మర్చిపోతే లెక్క మొత్తం పోతుంది.
5. తిరిగొచ్చిన పది నిమిషాల్లోపు తూకం. సీసాలు మళ్లీ తూకం.

వచ్చిన చెమట వేగాలు, గంటకి లీటర్లలో:

18 డిగ్రీలు: ఎ 0.45, బి 0.60
27 డిగ్రీలు: ఎ 0.70, బి 0.95
34 డిగ్రీలు: ఎ 1.05, బి 1.40

ఒకే మనిషికి చలికాలానికీ ఎండకాలానికీ రెట్టింపు పైన తేడా ఉంది. "గంటకో సీసా" అన్న సూత్రం ఎకి 18 డిగ్రీల్లో ఎక్కువ, బికి 34లో చాలా తక్కువ. పొడుగాటి ఎత్తు ఎక్కుతున్నప్పుడు వేగం పడిపోయి గాలి తగ్గుతుంది, అప్పుడు ట్రైనర్ గదిలో ఉన్నట్టే అవుతుంది. కొండ దారైతే పై అంకెలకి కొంచెం పైనే ఉంటుందని అనుకోండి.

తాగడానికి పెట్టుకున్న పరిమితి: చెమట వేగంలో 70 నుంచి 80 శాతం. అది పైగీత. దాని లోపల ఎంత తాగాలో దాహమే చెప్పాలి. 34 డిగ్రీల్లో బికి 80 శాతం అంటే గంటకి 1.1 లీటర్లు, కానీ కడుపు గంటకి సుమారు లీటరు మించి కిందికి దించలేదు. కాబట్టి బికి గీత 1 లీటరు దగ్గరే ఆగింది. ఆ ఎండలో బి ఎంత తాగినా కొంత లోటు తప్పదు. దాన్ని తీర్చడానికి వేగం తగ్గించడం, నీడలో ఆగడం తప్ప వేరే దారి లేదు.

2007లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇచ్చిన మార్గదర్శకం బరువులో 2 శాతం మించి నీరు పోకుండా చూసుకోమంటుంది. ఐదారు గంటలు దాటాక ఆ గీతని మరీ పట్టుకుని కూర్చోవడం లేదు, ఎందుకంటే తగ్గిన బరువులో కొంత కాలిపోయిన కొవ్వు, పిండిపదార్థాలదే. అది నీటి లోటు కాదు.

ఇప్పటిదాకా: రైడ్‌లు 6, గంటలు 13.

దశ 5: చెమటలో ఎంత ఉప్పు

నీళ్ల లెక్క తేలాకే ఉప్పు జోలికి వచ్చాం. లీటరు చెమటలో సోడియం చాలామందికి 20 నుంచి 80 మిల్లీమోల్ మధ్య ఉంటుంది, అంటే 460 నుంచి 1840 మి.గ్రా. నాలుగు రెట్ల తేడా. జెర్సీ ఆరాక తెల్లటి చారలు పడుతుంటే పై వైపు ఉన్నారని అనుమానించవచ్చు గానీ, చార వెడల్పుని బట్టి మోతాదు వేయలేం. నల్ల జెర్సీ మీద చిన్న చార కూడా పెద్దగా కనబడుతుంది.

ప్రయోగశాల పరీక్ష కాకుండా ఇంట్లో చేయగలిగింది ఒకటుంది: నీటి స్వచ్ఛత చూసే టీడీఎస్ మీటర్. ఇది ఉప్పుని కొలవదు, నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలుస్తుంది. అందుకే ముందు మన ఉప్పుతో దానికి కొలబద్ద కట్టాలి.

మొదటి ప్రయత్నంలో గడ్డం నుంచి కారే చుక్కల్ని సీసాలో పట్టాం. ఎకి లీటరుకి 4.6 గ్రాముల ఉప్పుకి సమానంగా వచ్చింది, నమ్మశక్యం కానంత ఎక్కువ. మొహం మీద ఎండిపోయిన పాత ఉప్పుని ఆ చుక్క కడుక్కుంటూ దిగింది, దార్లో నీరు ఆవిరైంది. చుక్క చిక్కబడిపోయింది.

రెండో పద్ధతి:

1. ముంజేతి లోపలి వైపు సబ్బుతో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి.
2. అరచేయంత పల్చని ప్లాస్టిక్ షీట్ పరిచి, నాలుగు వైపులా నీళ్లు దూరని టేపు గట్టిగా అంటించండి. గాలి దూరితే చెమట ఆరి చిక్కబడుతుంది.
3. 45 నిమిషాలు తొక్కాక, సూది లేని సిరంజితో షీట్ అడుగున చేరిన చెమట లాగండి. 2 మి.లీ. కావాలి.
4. దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో 20 మి.లీ. చేయండి. 2 మి.లీ.లో మీటర్ మునగదు, అందుకే ఈ పల్చన. కుళాయి నీళ్లు వాడితే వాటి సొంత లవణాలు కలిసిపోతాయి.
5. లీటరుకి 0.1, 0.2, 0.3, 0.4 గ్రాముల ఉప్పు నీళ్లు విడిగా చేసి, వాటి అంకెలతో గ్రాఫ్ గీయండి. చెమట అంకె ఆ గీత మీద ఎక్కడ పడిందో చూసి పదితో గుణించండి.

వచ్చినది: ఎ 2.1, బి 3.6 గ్రాములు లీటరుకి. ఒకటి గుర్తుంచుకోవాలి. ముంజేతి చెమట ఒళ్లంతటి సగటు కంటే ఉప్పగా ఉంటుంది. పైగా మీటర్ సోడియంతో పాటు పొటాషియం, ల్యాక్టేట్ లాంటివాటినీ లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి ఇది పైగీతే. మేం ముప్పావు వంతు తీసుకున్నాం: ఎ 1.6 గ్రా., బి 2.7 గ్రా. ఉప్పులో సోడియం 39.3 శాతం కాబట్టి ఎకి లీటరుకి సుమారు 620 మి.గ్రా., బికి 1060 మి.గ్రా. ముప్పావు అన్నది మా అంచనా, ప్రకృతి నియమం కాదు.

ఇప్పటిదాకా: రైడ్‌లు 8, గంటలు 16.

దశ 6: సీసా కలపడం

సూత్రం ఒకటే. సీసాలో ఉప్పదనం మీ చెమట ఉప్పదనం దాటకూడదు. చెమటలో 70 శాతమే తాగుతున్నాం కాబట్టి ఉప్పు కూడా ఆ మేరకే తిరిగొస్తుంది, మిగతాది భోజనంతో వస్తుంది. రెండు గంటల లోపు రైడ్‌కి ఇవేవీ అక్కర్లేదు, మంచినీళ్లు చాలు.

మొదటి కలపడం చెడిపోయింది. 750 మి.లీ. సీసాకి "అర టీస్పూన్" ఉప్పు, 68 గ్రాముల చక్కెర వేశాం. తర్వాత తూస్తే ఆ అర టీస్పూన్ 3 గ్రాములు. అంటే లీటరుకి 4 గ్రాముల ఉప్పు, 90 గ్రాముల చక్కెర. గంటన్నరకి వికారం మొదలైంది. కారణం లెక్కలోనే ఉంది: ఉప్పు నుంచి 137, చక్కెర నుంచి 263, మొత్తం లీటరుకి 400 మిల్లీఆస్మోల్ (కరిగిన కణాలన్నిటి లెక్క, ద్రవం ఎంత చిక్కనో చెబుతుంది). రక్తం సుమారు 290. రక్తం కంటే చిక్కటి ద్రవం పేగులోకి చేరితే, ముందు ఒంట్లోని నీరే పేగులోకి వచ్చి దాన్ని పల్చబరుస్తుంది. దాహం తీరకపోగా కడుపు బరువెక్కుతుంది. లీటరుకి 60 గ్రాముల చక్కెర, 1.6 గ్రాముల ఉప్పైతే 175 + 55 = 230. రక్తం కంటే పల్చన.

చక్కెర పూర్తిగా తీసేయడం కూడా సరికాదు. పేగు గోడలో గ్లూకోజ్‌నీ సోడియంనీ జతగా లోపలికి లాగే ద్వారం ఉంది, వాటి వెంటే నీరూ వెళ్తుంది. విరేచనాలకి ఇచ్చే ఓఆర్‌ఎస్ పనిచేసేది ఇలాగే. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్‌లో లీటరుకి సోడియం 75 మిల్లీమోల్, గ్లూకోజ్ 13.5 గ్రాములే. అది విరేచనాల కోసం కట్టిన లెక్క. సైకిల్ మీద తాగితే ‘ఎ’ లాంటి వాళ్లకి సోడియం ఎక్కువ, ఎవరికైనా ఇంధనం తక్కువ.

రెండో చిక్కు త్రాసుతో. వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి, సున్నా చేసి, ఉప్పుని చిటికెలు చిటికెలుగా రాలుస్తుంటే అంకె సున్నా దగ్గరే ఉండిపోయింది. వేలితో గిన్నెని తాకితే ఒక్కసారిగా గెంతింది. చాలా త్రాసులు నెమ్మదిగా వచ్చే చిన్న మార్పుని, బరువేమీ పడకుండానే అంకె దానంతటదే జరిగిందనుకుని ఎప్పటికప్పుడు సున్నాకి సర్దుకుంటాయి. అలా రాల్చిన గ్రాముల ఉప్పు లెక్కకే రాలేదు. పరిష్కారం, చిన్న మొత్తాలు తూచడమే మానేయడం:

1. 50 గ్రాముల ఉప్పు ఒకేసారి తూచండి. 1 గ్రాము త్రాసు చాలు.
2. కొంచెం నీటిలో కరిగించి, మొత్తం 500 మి.లీ. గీత దాకా నీళ్లు పోయండి. (500 మి.లీ. నీళ్లకి ఉప్పు కలపడం కాదు, కలిపాక మొత్తం 500 కావాలి.)
3. 10 మి.లీ. = 1 గ్రాము ఉప్పు = 393 మి.గ్రా. సోడియం. సిరంజితో తీసి సీసాలో వేయండి.
4. సీసా మీద పెద్దగా రాసి, పిల్లలకి అందని చోట ఫ్రిజ్‌లో పెట్టండి. వారానికోసారి కొత్తది చేయండి.

ఉప్పు ప్యాకెట్ చూసి కొనండి. "లో సోడియం" ఉప్పులో పెద్ద భాగం పొటాషియం క్లోరైడ్. చెమటలో పోయే పొటాషియం తక్కువ, తిండితోనే భర్తీ అవుతుంది. గ్రాము లెక్క చూసి ఆ ఉప్పు వేస్తే కావలసిన సోడియం రాదు, అక్కర్లేని పొటాషియం వస్తుంది.

బికి లీటరుకి 2.7 గ్రాముల ఉప్పు నోటికి పట్టలేదు, మూడో గంటకే సీసా దూరం పెట్టాడు. ఉప్పులో కొంత తీసి సోడియం సిట్రేట్ వేశాం. దాంట్లో సోడియం 23.5 శాతమే, కానీ ఉప్పదనం చాలా తక్కువ. చివరికి 750 మి.లీ. సీసాకి నిలిచిన కొలతలు:

ఎ: చక్కెర 45 గ్రా., ఉప్పు ద్రావణం 12 మి.లీ. (1.2 గ్రా.). సోడియం 470 మి.గ్రా.
బి: చక్కెర 45 గ్రా., ఉప్పు ద్రావణం 12 మి.లీ., సిట్రేట్ 1.3 గ్రా. (ఇలాగే ద్రావణం చేసి 13 మి.లీ.). సోడియం 775 మి.గ్రా.

దార్లో మళ్లీ నింపుకోవడానికి పొడి పొట్లాలు కావాలి. పది పొట్లాల చక్కెర, ఉప్పు ఒకే డబ్బాలో కలిపి, ఊపి, స్పూన్‌తో పంచాం. మొదటి పొట్లాలు చప్పగా, చివరివి ఉప్పగా వచ్చాయి. పెద్ద చక్కెర పలుకుల మధ్య నుంచి సన్నటి ఉప్పు డబ్బా అడుక్కి జారిపోతుంది. ఇప్పుడు ఒక్కో పొట్లానికి ఉప్పు విడిగా, 0.01 గ్రాము త్రాసు మీద తూస్తున్నాం. 50 గ్రాముల తూకంరాయి ముందే పెట్టి, ఉప్పుని కాగితం మీంచి ఒక్కసారిగా వంచితే ఆ త్రాసు కూడా సరిగ్గా చూపిస్తుంది.

రెండు సీసాల్లోనూ మిశ్రమమే పెట్టడం ఒక రైడ్‌తో మానేశాం. నాలుగో గంటకి తీపి వెగటు పుట్టి ఇద్దరూ తాగడమే తగ్గించారు. ఒకటి మిశ్రమం, ఒకటి మంచినీళ్లు. ఏది కావాలో నోరే అడుగుతుంది. ఇంకో సంగతి, మిశ్రమం కారిన చోట సీసా స్టాండు బోల్టులు తుప్పు పడతాయి. రైడ్ అయ్యాక తడిగుడ్డతో తుడవండి, సీసా మూత నాజిల్‌ని విప్పి కడగండి. బూజు మొదలయ్యేది అక్కడే.

ఇప్పటిదాకా: రైడ్‌లు 11, గంటలు 25.

దశ 7: 200 కి.మీ.

బ్రెవే రైడ్‌లలో (పోటీ కాకుండా, గడువులోపు పూర్తి చేయాల్సిన సుదూర రైడ్‌లు) 200 కి.మీ.కి గడువు 13 గంటల 30 నిమిషాలు. ఈ పరీక్ష రైడ్‌కి 10 గంటల 30 నిమిషాలు పట్టింది. పొద్దున 22 డిగ్రీలు, మధ్యాహ్నం 35.

ఎ తాగినది, కూడిక మొత్తాలతో:
0–3 గంటలు: 1.2 (మొత్తం 1.2)
3–6 గంటలు: 1.9 (మొత్తం 3.1)
6–9 గంటలు: 2.3 (మొత్తం 5.4)
9–10.5 గంటలు: 0.9 (మొత్తం 6.3 లీటర్లు)

బరువు 68.3 నుంచి 66.9. తిన్నది 0.9, మూత్రం 0.9. చెమట 7.7 లీటర్లు. సోడియం పోయినది 4775 మి.గ్రా.; వచ్చినది ఐదు సీసాలతో 2350, తిండితో సుమారు 900, మొత్తం 3250. అంటే 68 శాతం. బరువు 2 శాతం తగ్గింది. కడుపు గలగల లేదు, ఉంగరం వదులుగానే ఉంది.

బి: బరువు 81.5 నుంచి 79.0. తాగినది 7.6, తిన్నది 1.0, మూత్రం 0.4. చెమట 10.7 లీటర్లు. సోడియం పోయినది సుమారు 11,340 మి.గ్రా.; వచ్చినది ఆరు సీసాలతో 4650, తిండితో 1000, మొత్తం 5650. సగమే. బరువు 3 శాతం తగ్గింది.

బి ఎక్కడ వెనకబడ్డాడో డైరీలో కనబడుతుంది. 6 నుంచి 9 గంటల మధ్య, 35 డిగ్రీల్లో, గంటకి లీటరు తాగాల్సింది 650 మి.లీ. దగ్గర ఆగింది. నీళ్లున్నాయి. సీసా ఎండకి వేడెక్కి తీపి ఇంకా వెగటైంది. ఎనిమిదో గంటలో తొడ కండరం పట్టేసింది. దాన్ని ఉప్పు లోటు ఖాతాలో వేసేయడం లేదు. 150 కి.మీ. తొక్కిన కండరం అలసటతోనే పట్టేస్తుంది, ఆగి సాగదీస్తే వదిలింది కూడా. ఉప్పు మాత్రలు గుటక నీళ్లతో మింగే ఆలోచన ఇక్కడే వచ్చి, ఇక్కడే ఆగింది. కడుపులో ఒక్కచోట కరిగిన మాత్ర చుట్టూ ద్రవం సముద్రపు నీటికంటే చిక్కనవుతుంది, వాంతి తెప్పిస్తుంది.

రైడ్ తర్వాత బి లోటు తీర్చిన తీరు: తగ్గిన 2.5 కిలోల్లో కాలిపోయిన ఇంధనం అర కిలో అనుకుని, 2 లీటర్లకి ఒకటిన్నర రెట్లు, అంటే 3 లీటర్లు. ఐదు గంటల్లో కొద్దికొద్దిగా, మామూలు ఉప్పున్న భోజనంతో. ఒక్కసారిగా తాగితే చాలావరకు మూత్రంగా పోతుంది, పైగా దశ 3లో చూసిన ప్రమాదం రైడ్ అయిపోయాక కూడా ఉంటుంది.

ఇప్పటిదాకా: రైడ్‌లు 12, గంటలు 35.5.

దశ 8: మార్చినవి, మిగిలినవి

బి సీసాలో 30 డిగ్రీలు దాటిన గంటలకి చక్కెర 45 నుంచి 30 గ్రాములకి తగ్గించాం. తగ్గిన 15 గ్రాములు తిండితో. ఉప్పు, సిట్రేట్ మార్చలేదు. ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. సీసాకి తడి సాక్సు తొడుగుతున్నాం, గాలికి అది ఆరుతూ లోపలి నీళ్లని చల్లగా ఉంచుతుంది.

దశ 4, 5 అంకెలు ఎండ మొదలైన రోజుల్లో తీసినవి. 10 నుంచి 14 రోజులు వేడిలో తొక్కాక ఒళ్లు అలవాటుపడి చెమట పెరుగుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అందుకని 34 డిగ్రీల తూకం, ముంజేతి పరీక్ష రెండూ మూడో వారంలో మళ్లీ చేయాలి. అప్పటిదాకా బి సీసా మీద టేపుతో రాసి ఉన్నది: ఉప్పు 12, సిట్రేట్ 13, చక్కెర 30, గంటకి లీటరు దాటొద్దు.